'ఈ' ఒక్కటే, ఇంగ్లీషులో రెండు

నిరుడు వేసవిలో మా అత్తయ్యగారు ఇక్కడికి వచ్చి ఆరు నెలలు మాతో ఉన్నారు. ఇండియా నుంచి తెచ్చుకున్న మాత్రలన్నీ ఒక గుడ్డసంచిలో వేసుకుని, వచ్చిన రెండో వారంలో ఇక్కడి డాక్టరుకు చూపించడానికి వెళ్ళాము. నేను బయట కాగితాలు నింపుతూ ఉండగా, లోపల నర్సు మూడు రకాల స్ట్రిప్పులను చూసి, కంప్యూటరు వైపు సగం తిరిగి టైపు చేస్తూనే, చేతిలోని పెన్నుతో చూపిస్తూ "దీజ్ ఇన్ ద మార్నింగ్, దిస్ ఎట్ నైట్" అని చెప్పి పంపించిందట. అంటే రెండు రకాలు పొద్దున, ఒకటి రాత్రి. మా అత్తయ్యగారు రెండు రోజులపాటు పొద్దున ఒకటి, రాత్రి రెండు వేసుకున్నారు. మూడో రోజు నేను మాత్రల డబ్బా సర్దుతుంటే లెక్క తేడాగా కనిపించింది. అదృష్టవశాత్తూ ప్రమాదమేమీ జరగలేదు కానీ, నేను అడిగినప్పుడు ఆవిడ చెప్పిన మాట మాత్రం నా మనసులో నిలిచిపోయింది. "ఆ పిల్ల రెండుసార్లూ 'దిస్' అనే అన్నదనుకున్నానమ్మా" అన్నారు.

ఆవిడకు 'దీజ్' అనే మాట తెలియక కాదు. ఆరో తరగతిలో ఇంగ్లీషు అక్షరాలు దిద్దిన తరం వారిది. "దిస్ అనగా ఇది, దట్ అనగా అది, దీజ్ అనగా ఇవి, దోజ్ అనగా అవి" అని బడిలో వల్లెవేసిన పాఠం ఈనాటికీ తడుముకోకుండా అప్పజెప్పగలరు. ఆ పాఠం నోటికి వచ్చింది కానీ చెవికి రాలేదు. పైగా ఆ పాఠంలో అసలు చిక్కు ఎక్కడ ఉందో ఎవరూ ఆవిడకు చెప్పలేదు. ఇక్కడి మన తెలుగు సంఘం తరఫున ఆదివారాలు పెద్దవాళ్ళకు జరుపుతున్న ఇంగ్లీషు తరగతిలో రెండేళ్ళుగా పాఠాలు చెబుతున్న అనుభవంతో నేను ఈ వ్యాసంలో చెప్పదలచుకున్నది ఒక్కటే: ఇంగ్లీషులోని ఈ నాలుగు చిన్న మాటలను మన పెద్దలకు తెలుగు ఆధారంగా, తెలుగులోనే చెప్పాలి. అందరికీ కలిపి ఇంగ్లీషులోనే చెప్పే పాఠం మనవాళ్ళకు తెలిసిన విషయం మీద గంటసేపు గడిపి, తెలియని దాన్ని తాకకుండా వదిలేస్తున్నది.

తెలిసినది ఏమిటంటే, దగ్గర, దూరం అనే తేడా. ఇక్కడి గ్రంథాలయాల్లో ఉచితంగా జరిగే తరగతులకు నేను కొందరిని వెంటబెట్టుకుని వెళ్ళాను. అక్కడి ఉపాధ్యాయులు ఎంతో ఓపికతో, ఆదరంతో చెబుతారు. అందులో సందేహం లేదు. చేతిలో పుస్తకం పట్టుకుని "దిస్", గోడ దగ్గర ఉన్న గడియారాన్ని చూపించి "దట్" అని పదేపదే చెబుతారు. కానీ మన భాషలో ఈ తేడా ఒక్క మాటకు పరిమితమైనది కాదు. ఇక్కడ, అక్కడ, ఎక్కడ. ఇప్పుడు, అప్పుడు, ఎప్పుడు. ఇంత, అంత, ఎంత. ఇలా, అలా, ఎలా. ఇటు, అటు, ఎటు. ఆ, ఈ, ఏ అనే మూడింటినీ మన వ్యాకరణం త్రికం అని పేరు పెట్టి పిలుస్తుంది. త్రిక సంధి చదవని తెలుగు విద్యార్థి ఉండడు. మిఠాయి దుకాణంలో అద్దాల వెనక ఉన్నవాడు "ఇదా?" అంటే, ఇవతల ఉన్న మనం అదే లడ్డూను చూపించి "ఆ, అదే" అంటాము. మాట్లాడే మనిషి ఉన్న చోటును బట్టి మాట మారుతుందన్న సంగతి మూడేళ్ళ పిల్లవాడికి కూడా తెలిసిన జాతి మనది. కనుక 'ఈ, ఆ' అంటే 'దిస్, దట్' అని ఒక్క నిమిషంలో చెప్పి ముందుకు సాగవచ్చు.

చిక్కంతా వచనంలో ఉంది. తెలుగులో 'ఈ' అన్న మాట తన తరువాత వచ్చే నామవాచకం ఏకవచనమైనా, బహువచనమైనా మారదు. ఈ పుస్తకం, ఈ పుస్తకాలు. ఆ చెట్టు, ఆ చెట్లు. బహువచనాన్ని మోసే పని అంతా 'లు' చూసుకుంటుంది. ఇంగ్లీషులో అలా కుదరదు; పుస్తకం ఒకటైతే 'దిస్', రెండైతే 'దీజ్' అనక తప్పదు. అందువల్లనే మన తరగతిలో వారం వారం వినిపించే తప్పు "దిస్ బుక్స్", "దట్ షూస్". ఈ తప్పు చేసేవారికి ఇంగ్లీషు రాదని అనుకోవడం అన్యాయం. వాళ్ళు తమ భాషలోని సూత్రాన్ని ఎంతో నిక్కచ్చిగా పాటిస్తున్నారు.

దీనికి మందు కూడా మన భాషలోనే ఉంది. 'ఈ' మారకపోయినా, 'ఇది, ఇవి' మారతాయి కదా. నేను తరగతిలో చెప్పే చిట్కా ఏమిటంటే, నోటిదాకా వచ్చిన "ఈ చెప్పులు" అన్న మాటను మనసులో "ఇవి చెప్పులు" అని ఒకసారి తిప్పి చూసుకోమంటాను. 'ఇవి' వస్తే 'దీజ్', 'ఇది' వస్తే 'దిస్'. అలాగే 'అవి' వస్తే 'దోజ్', 'అది' వస్తే 'దట్'. చిత్రపటాలతో నాలుగు వారాలు చెప్పినా పట్టుబడని విషయం, ఈ ఒక్క మాటతో ఒక పూటలో పట్టుబడడం నేను కళ్ళారా చూశాను. నెల్లూరు నుంచి వచ్చిన ఒక పెద్దాయన ఆ రోజు తరగతి అయ్యాక కూడా కుర్చీలోంచి లేవకుండా, గదిలో ఉన్న వస్తువులన్నింటినీ ఒక్కొక్కటిగా చూసుకుంటూ "ఇవి కుర్చీలు, దీజ్ చైర్స్, అది తలుపు, దట్ డోర్" అని తనలో తానే చెప్పుకుంటూ కూర్చున్నారు.

అయితే ఈ చిట్కా ఒక చోట దారి తప్పిస్తుంది. ఆ చోటు ఎక్కడో ముందుగానే చెప్పకపోతే నేర్చుకునేవారు చిట్కానే అనుమానిస్తారు. తెలుగులో పాలు ఉన్నాయి, నీళ్ళు ఉన్నాయి, బియ్యం ఉన్నాయి అంటాము. పాలు, నీళ్ళు మనకు బహువచనాలు. బియ్యానికి కూడా బహువచన క్రియే వాడతాము. డబ్బులు, సామాన్లు, వార్తలు కూడా అంతే. ఇంగ్లీషులో ఇవన్నీ ఏకవచనాలు. "ఇవి పాలు" అన్న మాటను నమ్ముకుని "దీజ్ మిల్క్" అంటే తప్పు. "దిస్ మిల్క్" అనాలి. దిస్ వాటర్, దిస్ రైస్, దట్ మనీ, దట్ లగేజ్, దిస్ న్యూస్. విమానాశ్రయంలో నాలుగు పెట్టెలు ఎదురుగా ఉన్నా అది 'దిస్ లగేజ్' మాత్రమే. 'పెట్టెలు' అని విడిగా చెప్పినప్పుడే 'దీజ్ బ్యాగ్స్' అవుతుంది. ఇక దీనికి సరిగ్గా తలకిందులుగా ఉండేవి కొన్ని ఉన్నాయి. కత్తెర మనకు ఒకటి, కళ్ళజోడు ఒకటి, ప్యాంటు ఒకటి. ఇంగ్లీషులో మూడూ బహువచనాలే: దీజ్ సిజర్స్, దీజ్ గ్లాసెస్, దోజ్ ప్యాంట్స్. ఇంతకు మించి పెద్ద జాబితా మొదట్లో అవసరం లేదు. వంటగదిలో, ప్రయాణంలో చేతికి తగిలే ఈ పది మాటలను పలుమార్లు అనిపిస్తే చాలు.

ఉచ్చారణ విషయానికి వస్తే, మనవాళ్ళకు ఒక గొప్ప సౌకర్యం ఉంది. ఇ, ఈ మధ్య తేడా తెలుగు చెవికి పుట్టుకతో వచ్చినది. హ్రస్వానికీ దీర్ఘానికీ మాట అర్థమే మారిపోయే భాష మనది. 'దిస్'లో హ్రస్వం, 'దీజ్'లో దీర్ఘం అని చెబితే వెంటనే పట్టుకుంటారు. మాట చివర వచ్చే ధ్వని మాత్రం మనది కాదు. మన 'జ'కూ దానికీ తేడా ఉంది. పళ్ళ మధ్యనుంచి తేనెటీగ రొదలాగా గాలి వదలాలి. దానిని 'స'గా మార్చి 'దీస్', 'దోస్' అని పలకడం వల్లనే, ఎదుటివారు వడివడిగా మాట్లాడినప్పుడు రెండు మాటలూ మన చెవిలో ఒకటైపోతున్నాయి. మా అత్తయ్యగారికి జరిగినది ఇదే. కనుక పలకడంకన్నా ముందు వినడం నేర్పాలి. నేను కళ్ళు మూసుకోమని చెప్పి, 'దిస్' అన్నప్పుడు ఒక వేలు, 'దీజ్' అన్నప్పుడు రెండు వేళ్ళు ఎత్తమంటాను. మొదటి వారం సగానికి సగం తప్పుతారు. నాలుగో వారానికి ఎవరూ తప్పరు.

మరొక ఇబ్బంది తెలుగు వాక్యం స్వభావం నుంచి వస్తుంది. "ఇది గరిటె" అన్నది మనకు సంపూర్ణ వాక్యం. అందులో క్రియ లేదు, అవసరమూ లేదు. అందుకే "దిస్ స్పూన్" అని ఆగిపోతారు. దానిని సరిదిద్దబోతే, 'దిసీజ్', 'దటీజ్' అని రెండు మాటలు కలిసిపోయిన ముద్దను పట్టుకుంటారు. సినిమా డైలాగుల పుణ్యమా అని అవి అందరికీ ముందే తెలిసినవి. ఆ ముద్దను విడదీసి చూపించకపోతే "దిసీజ్ బుక్స్" వస్తుంది. 'దిస్' పక్కన 'ఈజ్', 'దీజ్' పక్కన 'ఆర్' అని, రెండు మాటల మధ్య చిటిక వేసి మరీ చెప్పాలి.

'అది' అనే మాట గురించి కొంచెం వివరంగా చెప్పాలి. తెలుగులో 'అది' రెండు పనులు చేస్తుంది. దూరంగా ఉన్న వస్తువును వేలితో చూపిస్తుంది. ముందే చెప్పుకున్న వస్తువును మళ్ళీ గుర్తు చేస్తుంది. "నీ సంచి ఎక్కడ?" అంటే "అది కారులో ఉంది" అంటాము. అక్కడ మనం దేనినీ వేలితో చూపించడం లేదు. ఇంగ్లీషులో మొదటి పనికి 'దట్', రెండో పనికి 'ఇట్'. "దట్ ఈజ్ ఇన్ ద కార్" అంటే ఎదుటి మనిషి ఏ సంచిని చూపిస్తున్నారా అని చుట్టూ చూస్తాడు. బహువచనంలో కష్టం ఇంకా ఎక్కువ. "తాళాలు ఎక్కడ?" అంటే "అవి బల్ల మీద ఉన్నాయి" అని మన జవాబు, ఇంగ్లీషులో దానికి "దే ఆర్ ఆన్ ద టేబుల్" అనాలి. 'దే' అంటే 'వాళ్ళు' అని మాత్రమే బడిలో నేర్చుకున్న పెద్దలకు తాళాలను 'దే' అనడం ఎబ్బెట్టుగా ఉండి, 'దోజ్' దగ్గరే ఆగిపోతారు. మనుషులకు ఒకటి, వస్తువులకు ఒకటి అనే విభజన మన భాషలో ఉన్నది, ఇంగ్లీషు బహువచనంలో లేదు అని ఒక్క వాక్యంలో చెబితే ఆ సంకోచం పోతుంది. ఆ ఒక్క వాక్యాన్ని చెప్పగలిగేది తెలుగు తెలిసిన ఉపాధ్యాయుడే.

మర్యాదకు సంబంధించిన విషయాన్ని అన్నింటికన్నా ముఖ్యమైనదిగా నేను భావిస్తాను. మన తరగతిలో ఒకావిడ తన భర్తను పరిచయం చేయవలసి వచ్చినప్పుడు ఎంత చెప్పినా "దిస్ ఈజ్ మై హస్బెండ్" అనలేదు. తల దించుకుని, "ఆయన్ను పట్టుకుని 'ఇది' అని ఎలా అంటానమ్మా?" అన్నారు. ఆవిడ వేదన నిజమైనది. తెలుగులో 'ఇది' అంటే వస్తువు, లేదా చనువుతోనో చులకనతోనో పిలిచే ఆడపిల్ల. పెద్దవారికి వీరు, ఈయన, ఈవిడ ఉన్నాయి. ఇంగ్లీషులో పరిచయ వాక్యంలోని 'దిస్'కు ఆ చులకన లేదు. అక్కడ దాని అర్థం 'వీరు' అని, ఇద్దరిని పరిచయం చేసేటప్పుడు "దీజ్ ఆర్ మై పేరెంట్స్" అన్నా అదే గౌరవమని చెప్పాక ఆవిడ ముఖం తేటపడింది. ఫోనులో కూడా ఇదే జరుగుతుంది. అవతలివారు "హూ ఈజ్ దిస్?" అంటే మన పెద్దలకు "ఎవరది?" అని గద్దించినట్టు వినిపించి ఫోను పెట్టేస్తారు. అది "ఎవరండీ మాట్లాడుతున్నది?" అన్న మామూలు ప్రశ్న అనీ, "దిస్ ఈజ్" అని తమ పేరు చెబితే సరిపోతుందనీ ముందుగా చెప్పి ఉంచాలి. ఆసుపత్రి నుంచి వచ్చిన ఫోనులను ఇలా పెట్టేసినవారు నాకు తెలుసు.

కాలానికి సంబంధించిన వాడుకలు కొన్ని ఉన్నాయి. పొద్దున జరిగినదానిని మనం "టుడే మార్నింగ్" అంటాము, ఇక్కడివారు "దిస్ మార్నింగ్" అంటారు. "ఈ రోజుల్లో" అన్నదానికి "దీజ్ డేస్". దుకాణంలో డబ్బు కట్టే చోట "ఈజ్ దట్ ఇట్?" అని అడిగితే అర్థం "అంతేనా?" అని మాత్రమే. వీటిని విడదీసి వివరించకుండా, ఉన్నవి ఉన్నట్టుగా నేర్పడమే మంచిది.

మన సంఘం కార్యవర్గానికి నా విన్నపం ఇది. ఆదివారం తరగతికి ఇంగ్లీషు బాగా వచ్చినవారిని వెతుకుతున్నాము, మంచిదే. కానీ, ఒక పెద్దావిడ "దిస్ బుక్స్" అన్నప్పుడు దాని వెనుక ఉన్న తెలుగు వాక్యం ఏమిటో వినగలిగినవారు కావాలి. ఇక్కడ పుట్టి పెరిగిన హైస్కూలు పిల్లలు సేవాభావంతో బోధించడానికి ముందుకు వస్తున్నారు. వారిని ఆహ్వానించాలి, అయితే తరగతిలో వారి పక్కన తెలుగులో చదువుకున్న ఒకరు కూర్చోవాలి. పైన చెప్పిన పాలు, నీళ్ళు, కత్తెర వంటి మాటలతో ఒక పుట తయారు చేసి, కొత్తగా వచ్చే తల్లిదండ్రులకు వచ్చిన వారంలోనే అందించగలిగితే ఖర్చు ఏమంత కాదు.

ఇదే తరగతి జరిగే భవనంలో, పక్క గదిలో మన పిల్లలు తెలుగు నేర్చుకుంటున్నారు. పోయిన నెలలో ఒక ఏడేళ్ళ పాప వాళ్ళ తాతగారిని మా గది గుమ్మం దగ్గరకు తీసుకువచ్చి, ఎంతో గర్వంగా "ఇది మా తాతయ్య" అని పరిచయం చేసింది. భర్తను 'దిస్' అనలేకపోయిన ఆ పెద్దావిడే ముందుగా లేచి వెళ్ళి, పాప గడ్డం పట్టుకుని, "ఇది కాదమ్మా, ఈయన మా తాతయ్య అనాలి" అని చెప్పి, మళ్ళీ ఒకసారి అనిపించారు.