450 డిగ్రీలు ఎవరి నిర్ణయం?

ఇంటర్ ఫస్టియర్ కెమిస్ట్రీలో గ్యారంటీ ప్రశ్న అది. అమ్మోనియా తయారీకి లీ షాట్లియర్ సూత్రాన్ని (సమతాస్థితిలో ఉన్న చర్య మీద మార్పు తెస్తే, ఆ మార్పును తగ్గించే వైపు చర్య జరుగుతుందనే సూత్రం) అన్వయించండి. జవాబు కూడా గ్యారంటీయే. చర్య ఉష్ణమోచకం, అంటే వేడిని వదిలేది కాబట్టి తక్కువ ఉష్ణోగ్రత మేలు. నాలుగు ఘనపరిమాణాలు రెండవుతాయి కాబట్టి ఎక్కువ పీడనం మేలు. మరీ చల్లగా ఉంటే చర్య నత్తనడక నడుస్తుంది కాబట్టి సుమారు 450 డిగ్రీల సెల్సియస్, 200 అట్మాస్ఫియర్లు, చర్యను వేగవంతం చేసే ఇనుప ఉత్ప్రేరకం. ఫుల్ మార్కులు. ఇలా చదివిన పిల్లలకు ఆ రెండు అంకెలనూ ప్రకృతే ఖరారు చేసిందనిపిస్తుంది. నిజానికి ఆ సూత్రం ఎటు వెళ్లాలో చెబుతుంది, అంతవరకే. ఎక్కడ ఆగాలో తేల్చింది ఉత్ప్రేరకం, స్టీలు, కంప్రెసర్ ఖర్చు.

సూత్రం ఒక్కటే చాలితే అమ్మోనియా ఘనత లీ షాట్లియర్‌కే దక్కాలి. 1901లో ఆయన స్వయంగా ప్రయత్నించారు. పరికరంలోకి గాలి చేరి పేలుడు జరిగింది, ఆయన ఆ పని వదిలేశారు. తన శాస్త్ర జీవితంలో అదే పెద్ద పొరపాటని తర్వాత వాపోయారు కూడా. ఎటు వెళ్లాలో ఆయనకంటే బాగా తెలిసినవాళ్లు అప్పట్లో ఎవరున్నారు?

అదే పాఠంలో పక్కనే ఉండే సల్ఫ్యూరిక్ ఆమ్లాన్నే చూడండి. సల్ఫర్ డయాక్సైడ్, ఆక్సిజన్ కలిసి ట్రయాక్సైడ్ అయ్యేటప్పుడు మూడు ఘనపరిమాణాలు రెండవుతాయి. సూత్రాన్ని నమ్ముకుంటే ఇక్కడా పీడనం పెంచాలి. పరిశ్రమలో మాత్రం మామూలు వాతావరణ పీడనం కంటే కాస్త ఎక్కువ ఉంచుతారు, వాయువు ముందుకు కదిలేంత. ఎందుకంటే వనేడియం పెంటాక్సైడ్ ఉత్ప్రేరకం మీద ఆ కొద్దిపాటి పీడనంతోనే 98 శాతం దాకా మారిపోతుంది. మిగిలిన కాస్త కోసం కూడా కంప్రెసర్ కొనరు. తయారైన ట్రయాక్సైడ్‌ను మధ్యలోనే ఆమ్లంలోకి పీల్చేసి, మిగతా వాయువును మళ్లీ ఉత్ప్రేరకం మీదికి పంపి 99.5 శాతం దాటిస్తారు. సూత్రం రెండు చోట్లా ఒకటే. ఒకచోట 200 అట్మాస్ఫియర్లు, ఇంకోచోట ఒకటీ అరా.

అమ్మోనియా సంగతికి వద్దాం, అసలు మజా అక్కడుంది. 200 అట్మాస్ఫియర్ల పీడనంలో, 200 డిగ్రీల దగ్గర సమతాస్థితికి (ముందుకూ వెనక్కీ చర్య ఒకే వేగంతో జరిగే స్థితికి) చేరిన మిశ్రమంలో 85 శాతం దాకా అమ్మోనియా ఉంటుంది. 450 డిగ్రీలకు వచ్చేసరికి అది పాతిక శాతం చిల్లరకు పడిపోతుంది. రియాక్టర్‌లో సమతాస్థితి దాకా ఆగే తీరిక కూడా ఉండదు కాబట్టి బయటికొచ్చే వాయువులో 15 నుంచి 20 శాతమే అమ్మోనియా. పరీక్ష రాసేవాళ్లకు ఇది ఓటమిలా కనిపిస్తుంది. ప్లాంటు నడిపేవాళ్లకు కాదు. ఆ వాయువును చల్లబరిస్తే అమ్మోనియా ద్రవమై విడిపోతుంది. నైట్రోజన్, హైడ్రోజన్ వాయువులుగానే మిగులుతాయి. వాటికి తాజా వాయువు కలిపి మళ్లీ రియాక్టర్‌లోకి తోస్తారు. చర్యలో పాల్గొనని ఆర్గాన్, మీథేన్ లాంటివి పేరుకుపోకుండా కాస్త బయటికి వదిలేస్తారు, పోయేది చాలావరకు అదే. ఇలా తిరిగి తిరిగి లోపలికి పంపిన నైట్రోజన్, హైడ్రోజన్‌లలో చివరికి 97, 98 శాతం అమ్మోనియాగా మారుతుంది.

1909లో జర్మనీలోని కార్ల్‌స్రూహేలో బీఏఎస్ఎఫ్ రసాయన కంపెనీ మనుషులకు శాస్త్రవేత్త ఫ్రిట్జ్ హేబర్ చూపించిన చిన్న పరికరంలో గొప్పతనం ఈ చుట్టులోనే ఉంది. వాయువు తిరగడం మొదలయ్యాక, ఒక్క దఫాలో ఎంత మారిందన్న లెక్కకు పెద్ద విలువ ఉండదు. గంటకు ఎన్ని టన్నులు, టన్నుకు ఎంత ఇంధనం అన్నదే లెక్క. మన నోట్సుల్లో ఈ చుట్టుకు ఒక్క వాక్యం దొరికితే గొప్ప.

ఇక ఆ 450 ఎక్కడిదంటే, ఇనుముది. హేబర్ ఓస్మియం వాడారు, అది ప్రపంచంలోనే అరుదు. బీఏఎస్ఎఫ్‌లో ఆల్విన్ మిట్టాష్ బృందం వేల పరీక్షలు చేసి, స్వీడన్ మాగ్నటైట్ అనే ఇనుప ఖనిజానికి కొద్దిగా అల్యూమినా, పొటాష్ కలిపితే చాలని తేల్చింది. ఆ ఇనుము చురుగ్గా పనిచేసే వేడి అది. పైగా రియాక్టర్ అంతటా 450 ఉండదు. చర్య వేడిని పుట్టిస్తుంది కాబట్టి ఒక్కో అంచెలో వాయువు వేడెక్కుతూ పోతుంది, అంచెల మధ్య దాన్ని చల్లబరుస్తారు. ఇక పీడనం సంగతి: వేడి హైడ్రోజన్ స్టీలులోని కార్బన్‌ను తినేసి రియాక్టర్లను పగలగొడుతుంటే, అదే కంపెనీకి చెందిన కార్ల్ బాష్ లోపల మెత్తటి ఇనుప తొడుగు వేసి, దాన్ని దాటొచ్చిన హైడ్రోజన్ బయటికి పోయేలా బయటి గోడకు రంధ్రాలు పెట్టించారు. 1913లో జర్మనీలో ఒప్పావ్ ప్లాంటు అలా మొదలైంది. ఫ్రాన్స్‌లో జార్జ్ క్లాడ్ 1000 అట్మాస్ఫియర్ల దాకా వెళ్లారు. 1960ల్లో సెంట్రిఫ్యూగల్ కంప్రెసర్లు వచ్చాక పీడనం 150 దగ్గరికి దిగింది. రుథేనియం ఉత్ప్రేరకంతో కొన్ని ప్లాంట్లు 90 దగ్గరే నడిచాయి. ఇన్నేళ్లలో, ఏ ఉష్ణోగ్రత దగ్గర చర్య ఎంతదాకా వెళ్లగలదో చెప్పే సమతాస్థితి స్థిరాంకం మాత్రం వెంట్రుకవాసి కూడా మారలేదు.

పదహారేళ్ల పిల్లలకు కంప్రెసర్ల ఖర్చు చెప్పడమేంటి, ముందు దిశ అర్థమైతే చాలు, మిగతాది బీటెక్‌లో చూసుకుంటారు అని లెక్చరర్లు అంటారు. దిశ ముందు నేర్పాలన్న మాట నిజమే. కానీ మనం నేర్పుతున్నది దిశ కాదు, అంకెలు. అవైనా సరైనవా అంటే, ఉత్ప్రేరకానికి ప్రవర్ధకం (దాని చురుకుదనం పెంచేది) మాలిబ్డినం అని ఇంకా బట్టీ కొట్టిస్తూనే ఉన్నాం. అది పాత సంగతని, ఇప్పుడు పొటాషియం, అల్యూమినియం ఆక్సైడ్లు వాడతారని ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకమే చెప్పింది.

నా అసలు దిగులు కెమిస్ట్రీ గురించి కాదు. మన కోచింగ్ చదువు ప్రతి నిర్ణయాన్నీ నాలుగు ఆప్షన్లలో ఒకటిగా మార్చేసింది. ఏ ఖర్చుకు, ఏ పదార్థంతో, ఎవరి అవసరానికి ఆ నిర్ణయం జరిగిందన్నది సిలబస్‌లోనే లేదు. మంచి ర్యాంకుతో ఇంజనీరైన కుర్రాడికి ఆప్షన్లు లేని సమస్య ఎదురైతే టెన్షన్ పట్టుకోదా మరి?

అలాంటి సమస్యలు మన ఊళ్లలోనే ఉన్నాయి. రామగుండంలో బొగ్గుతో నడిచిన పాత ఎరువుల కర్మాగారం 1999లో మూతపడింది. అదే చోట ఇప్పుడు సహజవాయువుతో అమ్మోనియా చేసి, దాన్నుంచి ఏడాదికి 12.7 లక్షల టన్నుల యూరియా సామర్థ్యమున్న ప్లాంటు ఉంది. నైట్రోజన్, హైడ్రోజన్ కలిసే చర్య మారలేదు, హైడ్రోజన్ వచ్చే దారి మారింది. కాకినాడలో సౌర, పవన విద్యుత్తుతో నీటిని విడగొట్టి ఏడాదికి పది లక్షల టన్నుల గ్రీన్ అమ్మోనియా చేయాలన్న ప్రాజెక్టు ఉంది. అక్కడ ఎండ పొడ లేనప్పుడు హైడ్రోజన్ తగ్గుతుంది. దాన్ని ట్యాంకుల్లో నిల్వ చేయాలా, ప్లాంటు లోడు తగ్గించాలా? లోడు తగ్గిస్తే పుట్టే వేడి తగ్గి ఉత్ప్రేరకం చల్లారిపోదా? పీడనం తక్కువగా పెట్టుకుంటే ఈ ఎగుడుదిగుళ్లు తట్టుకోవడం తేలికవుతుందా? వచ్చే మార్చిలో ఇంటర్ బోర్డులు ఆ పాత ప్రశ్న పక్కనపెట్టి వీటిలో ఒకటి ఇవ్వాలి, పుస్తకం చూసి రాసుకోనివ్వాలి.