‘లిస్టులో వెతకవద్దు, డిక్షనరీ కట్టండి’ అన్న సలహాకు ఖండన

ప్రోగ్రామింగ్ నేర్చుకుంటున్నవారి మధ్య, ముఖ్యంగా ఇంటర్వ్యూలకు సిద్ధమయ్యేవారి మధ్య, ఒక సలహా సూత్రంలాగా ప్రచారంలో ఉంది. ఆబ్జెక్టుల లిస్టులో ఫలానా ప్రాపర్టీకి ఫలానా విలువ ఉన్నదాన్ని పట్టుకోవడానికి లూప్ తిప్పడం చేతకానితనమట. ఆ ప్రాపర్టీని కీగా పెట్టి డిక్షనరీ (కీ చెబితే దానికి చెందినదాన్ని నేరుగా ఇచ్చే అమరిక) కడితే వెతుకులాట ఎప్పుడూ ‘ఓ ఆఫ్ వన్’ అవుతుందట, అంటే లిస్టు ఎంత పెరిగినా పని పెరగదట. అది కుదరకపోతే లిస్టును సార్ట్ చేసి (క్రమంలో పెట్టి) బైనరీ సెర్చ్ చేయాలట, అంటే ప్రతి పోలికతో సగం లిస్టును వదిలేస్తూ వెతకాలట. అదీ కాకుంటే కనీసం ఫైండ్, ఫిల్టర్ వంటి సిద్ధంగా ఉన్న ఫంక్షన్లు వాడాలట, అవి ఎలాగూ లూప్ కన్నా వేగమట, రెండింటిలో ఏది వాడినా ఒకటేనట. వీటిలో చివరిది పూర్తిగా తప్పు. మిగిలినవి సగం నిజాలు కాబట్టి వాటిని విడదీసి చూడవలసి వస్తోంది.

మొదటి మాటను తీసుకుందాం. డిక్షనరీలో వెతకడం వేగమే, కాని ఆ డిక్షనరీ ఆకాశం నుంచి ఊడిపడదు. దాన్ని కట్టాలంటే లిస్టులోని ప్రతి ఆబ్జెక్టునూ ఒకసారి చూడాలి, ప్రతి కీకీ హ్యాష్ (ఆ కీ ఏ గదిలో ఉండాలో చెప్పే సంఖ్య) లెక్కించాలి, అదనపు మెమరీ తీసుకోవాలి. 60 మంది విద్యార్థుల లిస్టులో ఒక హాల్ టికెట్ నంబరును ఒక్కసారి వెతకవలసి వస్తే, లూప్ ఆ విద్యార్థి కనపడగానే ఆగిపోతుంది. డిక్షనరీ మాత్రం 60 మందినీ చేర్చుకున్న తరువాతే మొదటి ప్రశ్నకు సిద్ధమవుతుంది. సమీక్షకు వచ్చే కోడ్‌లో నేను తరచుగా చూసేది ఇదే: పిలిచిన ప్రతిసారీ ఒక ఫంక్షన్ కొత్తగా డిక్షనరీ కట్టి, అందులోంచి ఒక్క విలువ తీసుకుని, మిగతాదంతా పారేస్తుంది. అడిగితే ‘ఓ ఆఫ్ వన్ కదండీ’ అన్న జవాబు వస్తుంది. బావి తవ్వి, చెంబెడు నీళ్లు తోడుకుని, బావిని పూడ్చేసినట్టుంటుంది ఆ పని.

‘ఓ ఆఫ్ వన్’ అన్నదానికి ‘ఒక్క అడుగు’ అని అర్థం కాదు. లిస్టు పెరిగినా సగటున పని పెరగదని మాత్రమే అర్థం. ‘సగటున’ అన్న మాటను ఈ సలహా చెప్పేవారు మింగేస్తారు. అనేక కీలు ఒకే గదిలో పడితే డిక్షనరీ లోపల ఉండే హ్యాష్ టేబుల్ కూడా చివరికి వరుసగా వెతికే స్థితికి దిగజారుతుంది. 2011 డిసెంబరులో బెర్లిన్‌లో జరిగిన కేయాస్ కమ్యూనికేషన్ కాంగ్రెస్ అనే హ్యాకర్ల సదస్సులో అలెగ్జాండర్ క్లింక్, జూలియన్ వేల్డ అనే ఇద్దరు, కావాలని అలా ఢీకొనే కీలను పంపి పీహెచ్‌పీ, జావా, పైథాన్, ఏఎస్‌పీ డాట్ నెట్ వంటి వాటితో నడిచే వెబ్ సర్వర్లను ఊపిరాడకుండా చేయవచ్చని చూపించారు. ఆ తరువాత 2012లో వచ్చిన పైథాన్ 3.3లో హ్యాష్ విలువలను యాదృచ్ఛికంగా మార్చే ఏర్పాటు దానంతటదే అమలయ్యేలా చేశారు. 2014లో వచ్చిన జావా 8లో హ్యాష్‌మ్యాప్ (జావా డిక్షనరీ) లోని కిక్కిరిసిన గదులు, అన్నింటినీ వరుసగా చూడనక్కరలేని చెట్టు రూపంలోకి మారేలా చేశారు.

అయినా సలహా నిజమయ్యే చోటును ఒప్పుకోవాలి. 10,000 మంది విద్యార్థుల లిస్టు ఒకటి, 10,000 మార్కుల రికార్డుల లిస్టు ఇంకొకటి ఉండి, హాల్ టికెట్ నంబరును బట్టి రెండింటినీ జతపరచాలంటే, లూప్‌లో లూప్ పెట్టినవారు సగటున 5 కోట్ల పోలికలు చేయిస్తారు. ఒకసారి డిక్షనరీ కట్టుకున్నవారికి 10,000 చేర్పులు, 10,000 వెతుకులాటలు సరిపోతాయి. ఇక్కడ డిక్షనరీ కట్టకపోవడమే తప్పు. తేడా అంతా ఒకే లిస్టును ఎన్నిసార్లు వెతుకుతామన్న దాని మీద ఉంది, సలహాలో లేనిది సరిగ్గా ఆ ప్రశ్నే.

వేగం సంగతి అలా ఉంచితే, జవాబు మారిపోవడం ఇంకా పెద్ద ప్రమాదం. హాల్ టికెట్ నంబరు ఒకరికొకటే ఉంటుంది, పేరు అలా కాదు. ఒకే తరగతిలో ఇద్దరు లక్ష్ములు ఉన్నప్పుడు, లిస్టు మీద ఫైండ్ నడిపితే మొదటి లక్ష్మి వస్తుంది; అదే లిస్టును పేరు కీగా జావాస్క్రిప్టు మ్యాప్‌లోకో పైథాన్ డిక్షనరీలోకో ఎక్కిస్తే రెండో లక్ష్మి మొదటి లక్ష్మిని చప్పుడు చేయకుండా తుడిచివేస్తుంది, జవాబుగా చివరామె వస్తుంది. సీ షార్ప్‌లో టు డిక్షనరీ, జావాలో కలెక్టర్స్ టు మ్యాప్ ఇలాంటి చోట ఎక్సెప్షన్ ఇచ్చి ఆగిపోతాయి. నా దృష్టిలో అదే మర్యాద. కీకి పలువురు ఉండగల చోట సీ షార్ప్‌లో టు లుకప్, జావాలో గ్రూపింగ్ బై వాడాలి. పైగా డిక్షనరీ కట్టిన తరువాత ఒక విద్యార్థి ఫోన్ నంబరు మారితే, ఆబ్జెక్టులో కొత్త నంబరు, కీలో పాత నంబరు ఉండిపోతాయి. లిస్టును నేరుగా వెతికే లూప్‌కు ఈ బెడద లేదు.

తెలుగు పేర్లతో పనిచేసేవారికి మరో చిక్కు ఉంది. ‘శైలజ’లోని ఐత్వాన్ని, అక్షరాలకు సంఖ్యలిచ్చే ప్రమాణమైన యూనికోడ్‌లో ఒకే గుర్తుగానూ దాచవచ్చు, ఎత్వం పక్కన ఐత్వపు పొడిగింపు గుర్తు చేర్చి రెండు గుర్తులుగానూ దాచవచ్చు, తెర మీద రెండూ ఒకేలా కనిపిస్తాయి, యూనికోడ్ దృష్టిలో రెండూ సమానమే, కాని సాధారణ పోలికకూ హ్యాష్‌కూ అవి వేరు వేరు పేర్లు. ఎన్ఎఫ్‌సీ అనే సాధారణీకరణ చేస్తే ఈ రెండూ ఒకటవుతాయి. ‘కుమార్’ వంటి పేరు చివర పొల్లు తరువాత దాక్కున్న జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే కంటికి కనిపించని గుర్తును మాత్రం అది కూడా తొలగించదు, దాన్ని మనమే తీయాలి. ఈ లోపం లూప్‌లోనూ ఉంటుందన్నది నిజమే. అయితే లూప్‌లో పోలిక ఒక్కచోట, కళ్ల ముందు ఉంటుంది. డిక్షనరీలో మాత్రం కట్టేటప్పుడు ఒకసారి, అడిగేటప్పుడు ఒకసారి అదే శుభ్రత పాటించాలి, ఏ ఒక్కచోట మరిచినా ఉన్న శైలజ లేనిదవుతుంది.

సార్ట్ చేసి బైనరీ సెర్చ్ చేయమన్న మాటకు లెక్కే జవాబు చెబుతుంది. 10 లక్షల ఆబ్జెక్టుల్లో బైనరీ సెర్చ్‌కు దాదాపు 20 పోలికలు చాలు, వరుసగా వెతికితే ఉన్న ఆబ్జెక్టు దొరకడానికి సగటున 5 లక్షలు కావాలి. కాని సార్ట్ చేయడానికే సుమారు 2 కోట్ల పోలికలు అవుతాయి కనుక, దాదాపు 40 సార్లు వెతికిన తరువాత గాని ఆ ఖర్చు తిరిగి రాదు. అన్నిసార్లు సమానత్వాన్నే వెతికేటట్లయితే డిక్షనరీయే మేలు. సార్టింగ్ బలం వేరు: 70 నుంచి 80 మధ్య మార్కులు వచ్చినవారెవరు అన్న ప్రశ్నకు హ్యాష్ ఏ సాయమూ చేయలేదు, క్రమంలో ఉన్న లిస్టు వెంటనే చెబుతుంది. సలహా దానికి తగని పని అప్పగించింది. మరొకటి, పేర్ల క్రమంలో ఉన్న లిస్టులో మార్కులను బైనరీ సెర్చ్ చేస్తే ఏ ఎర్రరూ రాకుండానే తప్పుడు జవాబు వస్తుంది.

ఇక ఫైండ్, ఫిల్టర్ ఒకటేనన్నది. జావాస్క్రిప్టులోకి ఫిల్టర్ 2009 నాటి ప్రమాణంతో, ఫైండ్ 2015 నాటి ప్రమాణంతో వచ్చాయి. రెండూ లోపల లూప్‌లే కాబట్టి పని పెరిగే తీరు మారదు. వాటిని వాడటానికి మంచి కారణం చదవడానికి తేలికగా ఉండటమే. ఫైండ్ మొదటిది దొరకగానే ఆగి ఆ ఆబ్జెక్టునే ఇస్తుంది, దొరకకపోతే అన్‌డిఫైన్డ్ (విలువ ఏదీ లేదన్న గుర్తు) ఇస్తుంది. ఫిల్టర్ చివరి దాకా నడిచి కొత్త అర్రే ఇస్తుంది, దొరకకపోతే ఖాళీ అర్రే ఇస్తుంది. జావాస్క్రిప్టులో ఖాళీ అర్రే కూడా ఇఫ్ కండిషన్‌లో ‘నిజం’ (ట్రూ) కిందే చెల్లుతుంది. అందువల్ల ఫైండ్ ఉన్నచోట ఫిల్టర్ పెట్టి, ఇఫ్‌ను మార్చకుండా వదిలేసిన కోడ్, లిస్టులో అసలు లేని విద్యార్థిని కూడా దొరికినట్టే లెక్కగడుతుంది.