పేరు ఢిల్లీది, పెంపకం మనది

తెలుగువాళ్లకు జరిగిన అన్యాయాల చిట్టాలో ఒకటి రాయకుండా మిగిలిపోయింది. కార్బపెనెమ్ లాంటి ఖరీదైన యాంటీబయాటిక్‌లను కూడా ముక్కలు చేసే బ్యాక్టీరియా ఎంజైమ్‌కు 2009లో శాస్త్రవేత్తలు న్యూఢిల్లీ పేరు పెట్టారు. అది దొరికింది స్వీడన్‌లో ఉండే ఒక రోగిలో, అతను అంతకుముందు ఢిల్లీ ఆసుపత్రిలో చేరాడట, అంతే అర్హత! పరువు పోయిందని ప్రభుత్వం గోల చేసింది కూడా. వద్దన్నవాళ్లకు పేరు, అర్హులకు మొండిచెయ్యి.

మన అర్హత చూడండి. హైదరాబాద్ పక్కనున్న పటాన్‌చెరులో మందుల కంపెనీల మురుగును శుద్ధి చేసే ప్లాంటు నుంచి బయటికొచ్చే నీళ్లను స్వీడన్ పరిశోధకులు పరీక్షించి, 2007లో ఫలితాలు ప్రకటించారు. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్! అది కూడా శుద్ధి అయ్యాక. మాత్ర మింగిన మనిషి రక్తంలో కూడా అంత ఉండదు. స్వీడన్ మొత్తం ఐదు రోజులు వాడే మందు మన దగ్గర ఒక్క రోజు మురుగులో పోతోందని లెక్క తేల్చారు. ఇంతకంటే గొప్ప ఉచిత పథకం ఏ మేనిఫెస్టోలో ఉంది? 2020లో కేంద్రం దీనికి పరిమితులు పెడుతూ ముసాయిదా తెచ్చింది. 2021లో తుది నోటిఫికేషన్ వచ్చేసరికి అవి మాయం.

ప్రజల కృషినీ తక్కువ చేయకూడదు. "అన్నా, జలుబు, ఒళ్లునొప్పులు" అనగానే మెడికల్ షాపు కుర్రాడు అజిత్రోమైసిన్ స్ట్రిప్పు తీస్తాడు. చీటీ లేకుండా వాడొద్దని దాని మీద ఎర్ర గీత ఉంటుంది. కత్తెర సరిగ్గా ఆ గీత మీదుగానే నడుస్తుంది. ఆ రెండు మాత్రలు జలుబు వైరస్‌ను ఏమీ చేయవు. కడుపులోని బలహీన బ్యాక్టీరియాను చంపి, మొండివాటికి చోటు ఖాళీ చేస్తాయి. మొండివి తమ విద్యను దాచుకోవు. ప్లాస్మిడ్ అనే డీఎన్‌ఏ చుట్టలో పెట్టి పక్కవాటికి అందిస్తాయి, జాతి వేరైనా సరే. మన పెళ్లి సంబంధాల్లో ఇంత విశాల హృదయం చూశామా?

ఇలా చదువుకున్న అసినెటోబాక్టర్ అనే బ్యాక్టీరియాకు ఐసీయూలో ఉద్యోగం. ఆరోగ్యవంతుల జోలికి పెద్దగా రాదు. వెంటిలేటర్ మీదున్న పెద్దాయన, నెలలు నిండకుండా పుట్టిన పసిగుడ్డు దొరికేదాకా పొడి మంచం కమ్మీ మీదే వారాలు ఓపిక పడుతుంది. ఏ మందుకు లొంగుతుందో చెప్పే కల్చర్ రిపోర్టులో మందుల పేర్ల పక్కన వరసగా ఆర్, ఆర్, ఆర్, అంటే రెసిస్టెంట్, లొంగదు అని. "ఇంకా పవర్‌ఫుల్ మందు రాయండి సార్" అంటారు బంధువులు. మిగిలింది కొలిస్టిన్, కిడ్నీలను దెబ్బతీస్తుందని ఒకప్పుడు పక్కన పెట్టిన మందు. దాన్నీ 2019లో నిషేధించేదాకా కోళ్ల మేతలో కలిపాం.

కాబట్టి మందులకు లొంగని విద్య నేర్పే జన్యువు తర్వాత ఏది దొరికినా దానికైనా పటాన్‌చెరు పేరు పెట్టాలని అఖిలపక్షం తీర్మానించాలి. కొత్త జబ్బులకు ఊళ్ల పేర్లు వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పిన మాట నిజమే. అది జబ్బులకే గానీ జన్యువులకు కాదని వాదించే లాయర్లు మనకు కొదవా?