కామకురాకి ఒక పూట, ఎనోషిమాకి ఒక పూట అనే ప్లాన్ చించెయ్యండి

టోక్యోకి వచ్చిన మనవాళ్ళ గ్రూపుల్లో ఒకటే ప్లాన్ తిరుగుతుంటుంది. పొద్దున టోక్యోకి దక్షిణాన సముద్రం ఒడ్డునున్న కామకురా ఊళ్ళో పెద్ద బుద్ధుడి విగ్రహం, మధ్యాహ్నం అనిమేలో కనిపించే రైల్వే గేటు దగ్గర ఫోటో, సాయంత్రం వంతెన దాటి ఎనోషిమా దీవి. చెప్పుకోడానికి బాగానే ఉంటుంది. తీరా చూస్తే వంతెన దగ్గరికి చేరేసరికి నాలుగు దాటుతుంది. ఎనోషిమా అక్వేరియం ఐదింటికి మూసేస్తారు, గంట ముందే లోపలికి రానివ్వడం ఆపేస్తారు. చలికాలమైతే దీవి వెనకున్న గుహలు నాలుగింటికే మూత. ఇంకేముంది, ఐస్‌క్రీమ్ ఒకటి కొనుక్కుని, దాన్ని గద్దకి సమర్పించుకుని తిరుగు రైలెక్కడమే.

బుద్ధుడు 13వ శతాబ్దం నుంచీ అక్కడే కూర్చున్నాడు. ఇంకో ఆదివారం వెళ్ళినా ఉంటాడు. ఎనోషిమాకి మాత్రం రోజంతా ఇవ్వండి. అది కూడా సముద్రం కోసం ఇవ్వండి.

ముందు రైలు సంగతి. షింజుకు నుంచి ఒదాక్యూ లైన్‌లో గంటంపావు లోపే. కొత్తవాళ్ళు తప్పేది సగామి-ఓనో దగ్గర. లైన్ అక్కడ రెండుగా చీలుతుంది. ఒదవారా వెళ్ళే రైలెక్కి నిద్రపోయారో, కొండల వైపు తేలతారు. బోర్డు మీద ఫుజిసావా గానీ, కతాసే-ఎనోషిమా గానీ ఉందో లేదో చూసి ఎక్కండి. చాలా రైళ్ళకి ఫుజిసావాలో మారాలి. అక్కణ్ణించి వచ్చిన దిక్కుకే వెనక్కి వెళ్తున్నట్టుంటుంది, కంగారు పడక్కర్లేదు. నిషి-కసాయ్ వైపు ఉండే మనవాళ్ళు షింజుకు దాకా పోవడం దండగ. తోజాయ్ లైన్‌లో ఓతెమాచి దిగి, టోక్యో స్టేషన్‌కి నడిచి, జేఆర్ తోకైదో లైన్ ఎక్కితే ఫుజిసావాకి 50 నిమిషాలు.

ఎనోషిమా-కామకురా ఫ్రీపాస్ కొనమని అందరూ చెప్తారు. లెక్క వేసుకుని కొనండి. షింజుకు నుంచి రానూపోనూ మామూలు టికెట్టు 1,300 యెన్ల దగ్గర, పాస్ 1,600 పైచిలుకు. ఫుజిసావా నుంచి కామకురాకి తీరం వెంట నడిచే ఎనోదెన్ అనే చిన్న రైలు రెండు మూడుసార్లు ఎక్కితేనే గిట్టుబాటు. నేను చెప్పే రోజులో ఎనోదెన్ అక్కర్లేదు. 10 కిలోమీటర్లు, 15 స్టేషన్లు, దాదాపు అంతా ఒంటి పట్టా, రైలుకీ రైలుకీ 14 నిమిషాలు. సెలవురోజుల్లో కామకురా వైపు క్యూ స్టేషన్ బయట రోడ్డు దాకా వస్తుంది. ఆ గేటు దగ్గర ఫోటో కోసం జనం ఇళ్ళ ముందు రోడ్డుకి అడ్డంగా నిలబడి తిట్లు తినడం ఏం సరదానో నాకైతే అర్థం కాదు. వేరే దారి కావాలంటే ఓఫునా నుంచి షోనన్ మోనోరైల్ ఉంది. పైనుంచి వేలాడుతూ కొండల మీదుగా 14 నిమిషాల్లో దింపేస్తుంది. పిల్లలకి అదే ఎక్కువ నచ్చుతుంది.

కతాసే-ఎనోషిమాలో దిగి మూడు నిమిషాలు నడిస్తే అక్వేరియం. స్థానికులు ఎనోసుయి అంటారు. టికెట్టు పెద్దలకి మూడు వేల యెన్లకి కాస్త తక్కువ. అదే రోజు బయటికి వెళ్ళి మళ్ళీ రావచ్చు కాబట్టి భోజనానికి లోపలే ఇరుక్కోనక్కర్లేదు. డాల్ఫిన్ షో టైముల చుట్టూ రోజంతా అల్లుకునేవాళ్ళకి ఒక మాట: షో ఎక్కడైనా దొరుకుతుంది, సగామి అఖాతం, అంటే ఎదురుగా ఉన్న ఈ సముద్రం, ఇక్కడే దొరుకుతుంది. షోకి జనం కదిలే వేళ చూసుకుని పెద్ద తొట్టి దగ్గరికి వెళ్ళండి. 6.5 మీటర్ల లోతు, వెయ్యి టన్నుల నీళ్ళు. 8,000 సార్డిన్‌లు, అదేనండీ మన కవళ్ళు, ఒకే వెండి గుడ్డలా మడతపడి విప్పుకుంటూ ఉంటాయి. దగ్గర్లోనే షిరాసుని గుడ్డు నుంచి పెంచి చూపించే తొట్టి ఉంటుంది. షిరాసు అంటే ఎక్కువగా నెత్తళ్ళ పిల్లలు, అద్దంలా ఒంటి అవతల ఏముందో కనిపిస్తుంది. మధ్యాహ్నం పళ్ళెంలోకి వచ్చేదీ అదే, ముందే చెప్తున్నా.

జెల్లీఫిష్ గదిలో తొట్లు గుండ్రంగా ఎందుకున్నాయో గమనించండి. వాటికి ప్రవాహానికి ఎదురీదే బలం ఉండదు. మూలలున్న తొట్టిలో వేస్తే మూలకి చేరి ఒరుసుకుని చిరిగిపోతాయి. అందుకని నీటిని నెమ్మదిగా గుండ్రంగా తిప్పుతారు. ఫోటోకి ఫ్లాష్ ఆపి, లెన్స్‌ని గాజుకి ఆనించండి. లేకపోతే జెల్లీఫిష్ మీద మీ మొహమే పడుతుంది.

అసలైంది లోతు సముద్రం విభాగంలో ఉంది, అందరూ రెండు నిమిషాల్లో దాటేస్తారు. షింకాయ్ 2000 అనే జలాంతర్గామి. నమూనా అనుకునేరు, నిజంగా సముద్రం అడుగుకి దిగి వచ్చినదే. ముగ్గురు ఎక్కి 2,000 మీటర్ల లోతుకి దిగేవాళ్ళు. 1984లో ఇదే అఖాతంలో హత్సుషిమా దీవి దగ్గర అడుగున తెల్లటి ఆల్చిప్పల గుంపులు చూసింది. అక్కడ ఎండ పొడ ఉండదు. నేల పగుళ్ళ నుంచి వచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్ మీద బతికే బాక్టీరియాని మొప్పల్లో పెట్టుకుని, అవి తయారుచేసే ఆహారంతో ఈ ఆల్చిప్పలు బతుకుతాయి. పగుళ్ళెందుకంటే ఫిలిప్పీన్ సముద్ర ఫలకం (భూమి పైపొరలో ఒక పెద్ద పలక) ఈ అఖాతం కిందే లోపలికి దూరుతోంది. ఒడ్డుకి ఇంత దగ్గర్లో అంత లోతు ఉండడానికీ, 1923 మహాభూకంపానికీ కారణం అదే.

ఇది తెలుసుకుని దీవికి వెళ్తే చూపు మారుతుంది. దీవి వెనక చిగోగఫుచి అని చదునైన రాతి అరుగు ఉంది. అలలు కోసి చదును చేసిన సముద్రపు అడుగది. 1923 భూకంపం దాన్ని మీటరు దాకా పైకెత్తింది. ఇప్పుడు జనం దానిమీద కూర్చుని గాలాలేస్తున్నారు. 1877లో అమెరికన్ జంతుశాస్త్రవేత్త ఎడ్వర్డ్ మోర్స్ బ్రాకియోపాడ్లు అనే రెండు చిప్పల సముద్రజీవుల కోసం వెతుక్కుంటూ వచ్చి చిన్న పరిశోధనశాల పెట్టింది కూడా ఈ దీవిలోనే.

దీవి చుట్టుకొలత నాలుగు కిలోమీటర్లే, కానీ నిండా మెట్లు. ఊరి నుంచి అమ్మానాన్నలు వస్తే ఈ ముక్క జాగ్రత్తగా చదవండి. ఎస్కార్ అనే ఎస్కలేటర్ 1959 నుంచి ఉంది. అది పైకే తీసుకెళ్తుంది, కిందికి లేదు. టికెట్టు కొన్నాం కదా అని మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళని చివరి గుడి దాకా నడిపిస్తే, అక్కణ్ణించి గుహలకి నిటారు మెట్లు దిగాలి, మళ్ళీ అవే ఎక్కాలి. పెద్దవాళ్ళకి ఎస్కార్, పైన తోట, లిఫ్ట్ ఉన్న సీ క్యాండిల్ లైట్‌హౌస్ చాలు. నడవగలిగినవాళ్ళు కొండ మీదుగా గుహలకి వెళ్ళి, చిగోగఫుచి నుంచి బెంతెన్‌మారు పడవలో వంతెన దగ్గరికి వచ్చెయ్యండి. పది నిమిషాల్లోపే. అలలు లేస్తే పడవ నడపరు, గుహలూ మూసేస్తారు. పొద్దున్నే ఆ సంగతి కనుక్కుని బయల్దేరండి. గుహల్లో మొదటిది 152 మీటర్లు, రెండోది అంతకన్నా చిన్నది. రాళ్ళు పడి 1971లో మూసి, 1993లో మళ్ళీ తెరిచారు.

మొదటి గుడి ఆవరణలో ఎనిమిది పలకల మండపం దగ్గర ఆగండి. లోపల బెంజైతెన్. ఆవిడెవరో కాదు, మన సరస్వతే. బౌద్ధ గ్రంథాలతో చైనా మీదుగా వచ్చి, వీణ బదులు బివా అనే జపాన్ తీగల వాద్యం పట్టుకుంది. ఎనిమిది చేతుల రూపం సువర్ణప్రభాస సూత్రం నుంచి వచ్చింది. బాసరలో అక్షరాభ్యాసం చేయించుకున్నవాళ్ళు ఇక్కడ 'ఎవరో జపాన్ దేవత' అనుకుని దాటిపోతుంటే పాపం అనిపిస్తుంది.

తిండి. పచ్చి షిరాసు అన్నం కోసమే వచ్చేవాళ్ళు క్యాలెండర్ చూసుకోండి. ఈ తీరం ఉన్న కనగావా ప్రిఫెక్చర్‌లో జనవరి 1 నుంచి మార్చి 10 దాకా షిరాసు వేట నిషేధం. మన తీరంలో ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు ఆపుతారే, అలాంటిదే. మిగతా రోజుల్లో కూడా పడవలు వెళ్ళకపోతే పచ్చిది ఉండదు, ఉడికించినదే. హోటల్ బయట బోర్డు చూసి కూర్చోండి. పదకొండున్నర దాటితే క్యూ. శాకాహారులకి ఇక్కడ కష్టమే. కూరగాయల నూడుల్స్ అన్నా పులుసులో చేప ఉంటుంది. డబ్బాలో పులిహోర తెచ్చుకోవడం మేలు. అయితే ఇసుక మీద కూర్చుని మూత తియ్యొద్దు. ఇక్కడి గద్దలు వెనకనుంచి, చప్పుడు లేకుండా వస్తాయి. పిల్లల చెయ్యి గీరుకుపోతుంది. పైకప్పు కిందగానీ, గోడకి వీపు ఆనించిగానీ తినండి.

ఈత జూలై, ఆగస్టుల్లోనే. ఆగస్టు సగం దాటాక జెల్లీఫిష్‌లు ఎక్కువవుతాయి. ఒడ్డున నీలం బుడగలా కనిపించేది ఎండిపోయి ఉన్నా ముట్టుకోనివ్వొద్దు. కుడితే మంచినీళ్ళు పొయ్యకూడదు, సముద్రపు నీటితోనే కడగాలి.

ఏది ముందు అంటే, చలికాలంలో దీవి ముందు. ఫుజి పొద్దునే స్పష్టంగా కనిపిస్తుంది, గుహలు తొందరగా మూస్తారు. వేసవిలో తలకిందులు చెయ్యండి. ఎండ మండే వేళంతా అక్వేరియంలో గడిపి, మూడింటికి వంతెన దాటండి. ఫుజి మబ్బులో దాక్కుని ఉంటుంది, దానికోసం ఎదురుచూడకండి.