మెగాకేరియోసైట్లపై విచారణ జరగాల్సిందే

ఎముక మజ్జలో జరుగుతున్న వ్యవహారం చూస్తూ ఇక ఊరుకోలేం. అక్కడ సుమారు పదివేల కణాలకు ఒక్కటి చొప్పున ఉండే మెగాకేరియోసైట్ అనే కణం, ప్లేట్‌లెట్ల తయారీ పేరు చెప్పుకుని ఇష్టారాజ్యం చేస్తోంది.

మిగతా కణాలు డీఎన్ఏని రెట్టింపు చేసుకుని, మర్యాదగా రెండుగా చీలిపోతాయి. ఇది రెట్టింపు చేస్తుంది, చీలదు. మళ్లీ రెట్టింపు, మళ్లీ చీలదు. 2 సెట్ల క్రోమోజోములు ఉండాల్సిన చోట 16, ఒక్కోసారి 64 దాకా పోగేస్తుంది. ఆదాయానికి మించిన ఆస్తులంటే ఇవి కాక మరేమిటి? శాస్త్రవేత్తలు దీన్ని ఎండోమైటోసిస్ అంటూ వెనకేసుకొస్తున్నారు.

ఇంత కూడబెట్టి చేసేదేమిటయ్యా అంటే, రక్తనాళం గోడ సందులోంచి పొడవాటి చేతులు దూరుస్తుంది. పారే రక్తం వాటిని ముక్కలుగా తెంపుకుపోతుంది. ఆ ముక్కలే ప్లేట్‌లెట్లు, ఒక్కో కణానికి వేల కొద్దీ. చివరికి మిగిలేది ఒట్టి కేంద్రకం. చేతులు దులుపుకుందామన్నా చేతులుండవు.

పైగా పోస్టు ఒకటి, ఉద్యోగాలు మూడు. కణాలను విడివిడిగా పరీక్షించాక బయటపడిన బాగోతం ఇది. కొన్ని ప్లేట్‌లెట్లు తయారుచేస్తాయి. కొన్ని రక్త మూలకణాల పక్కన చేరి, అవి అనవసరంగా విభజన చెందకుండా జోకొడతాయి. ఇంకొన్ని, కాస్త చిన్న సైజువి, సూక్ష్మక్రిముల కబురు రోగనిరోధక కణాలకు చేరవేస్తాయి. న్యూట్రోఫిల్ అనే తెల్లరక్తకణం అయితే ఏకంగా దీని ఒంట్లోకి దూరి, కాసేపు తిరిగి, క్షేమంగా బయటికొస్తుంది. అడిగే నాథుడు లేడు.

ప్లేట్‌లెట్లు వీటి నుంచే పుడతాయని 1906లో అమెరికా వైద్య శాస్త్రవేత్త జేమ్స్ హోమర్ రైట్ చెప్పినప్పటి నుంచీ క్రెడిటంతా మజ్జదే. 2017లో ఎలుకల ఊపిరితిత్తుల్లోకి తొంగిచూస్తే, దాదాపు సగం సరుకు అక్కడే రాలుతోంది! గాలి శాఖలో రక్తం పని.

ఆర్డర్ల సంగతి మరీ ఘోరం. ప్లేట్‌లెట్లు తయారుచేయమంటూ కాలేయం థ్రాంబోపోయిటిన్ అనే హార్మోను పంపుతుంది. ప్లేట్‌లెట్లు ఎక్కువుంటే అవే దాన్ని మింగేస్తాయి. ఆర్డర్ కాగితాన్ని సరుకే తినేస్తోందన్నమాట.

రక్తపరీక్ష రిపోర్టులో ప్లేట్‌లెట్లు లక్షన్నర కంటే తగ్గితే మనకు టెన్షన్. తయారుచేసేదెవరో మాత్రం అడగం. అందుకే నోటీసు పట్టుకుని నేనే బయల్దేరాను. తీరా చూస్తే, సంతకం పెట్టాల్సిన కణం ఎప్పుడో ముక్కలైపోయింది. అందులో కొన్ని, కాగితం అంచు కోసిన నా వేలి దగ్గర నెత్తురు ఆపే పనిలో ఉన్నాయి.