దుబాయ్‌కి నాలుగు రోజులు, నెట్‌కి మూడు వారాలు

వీసా రెండు రోజుల్లో చేతికొచ్చింది. అక్కడ ఏ నెట్ వాడాలన్నది తేలడానికి మాత్రం మా ఇంట్లో మూడు వారాలు పట్టింది, అందులో ఆశ్చర్యమేమీ లేదు, బుర్జ్ ఖలీఫా చూడకపోయినా ఫర్వాలేదు గానీ దాని ముందు దిగిన ఫొటో స్టేటస్‌లో పడకపోతే వెళ్లినట్టు రుజువేదీ?

నాది రోమింగ్ పార్టీ. పాత నంబరే, దిగగానే పనిచేస్తుంది, రేటు చూశాక కాసేపు కూర్చోవాలి, అంతే. మా అబ్బాయిది ఈ-సిమ్ పార్టీ, అంటే కార్డు లేకుండా ఫోన్‌లోనే ఉండే సిమ్. ఇక్కడే క్యూఆర్ కోడ్ స్కాన్ చేసుకుంటే సరి, చవక కూడా, కాకపోతే వాటిలో చాలావాటికి ఫోన్ నంబరే రాదు, ఉత్త డేటా. పైగా ఈ-సిమ్ పట్టే ఫోనైతే *#06# నొక్కగానే ఈఐడీ అని ఒక నంబరు కనపడాలట, నా ఫోన్‌లో కనపడలేదు, వాడు నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. ఇక మా ఆవిడ, అక్కడే పాస్‌పోర్ట్ చూపించి లోకల్ సిమ్ కొనుక్కుందామంది. ఎవరి మాటా కాదనలేక మూడూ తీసుకున్నాం.

దుబాయ్ ఎయిర్‌పోర్ట్‌లో నా ఫోన్‌కి లోకల్ సిమ్ వేద్దామంటే ట్రే తెరిచే పిన్ను ఇంట్లో మంచం కింద ఉంది. మా ఆవిడ చెవిదుద్దు తీసిచ్చింది. దాని కాడతో పొడిస్తే ట్రే బయటికొచ్చింది, దాంతోపాటు మన సిమ్ ఎగిరి ట్రాలీ చక్రం పక్కన పడింది. దాన్ని పోకుండా అమ్మ ఇచ్చిన తిరుపతి కుంకుమ పొట్లంలో చుట్టి భద్రంగా దాచాను. గంట తర్వాత కార్డుతో డబ్బులు కడుతుంటే ఓటీపీ అడిగింది. ఓటీపీ రావాల్సిన నంబరు కుంకుమలో ఉంది. ఆ రోమింగ్ ప్యాక్ వేయించింది కూడా, మరి దాని మీదే.

సరే, ఇంటికి చెబుదామని వాట్సాప్ కాల్ చేస్తే కలవదు! నెట్ ఫుల్లు, మెసేజ్ వెళ్తోంది, ఫొటో వెళ్తోంది, కాల్ మాత్రం లేదు. మూడు వారాల చర్చల్లో మాకెవరికీ తట్టని సంగతిని పక్క టేబుల్ దగ్గర టీ తాగుతున్న జగిత్యాల అన్న ఒక్క ముక్కలో చెప్పాడు: "ఈడ వాట్సాప్ కాల్ నడవదన్నా, రూలు. కాల్‌కి బోటిమ్ యాప్ ఎక్కించుకో, ఇంట్ల గూడ ఎక్కించమను."

ఇంట్లో అమ్మ ఫోన్‌లో దానికి చోటు లేదు. గుడ్ మార్నింగ్ ఫొటోలు తీసేయమంటే ఒప్పుకోదు. నాలుగు రోజులూ వాయిస్ మెసేజ్‌లే పంపుకున్నాం, అదీ హోటల్ వైఫైలో.