సమాజం తయారుచేసిందంటే ఉత్తదేనని అర్థం కాదు

జెండర్, అంటే ఆడా మగా ఎలా ఉండాలన్నది, సమాజం తయారుచేసిందే అని ఎవరైనా అన్నారనుకోండి, వెంటనే రెండు రకాల జవాబులొస్తాయి. ఒకరేమో అయితే అదంతా ఉత్తదే కదా, వదిలేస్తే పోలా అంటారు, ఇంకొకరేమో శరీరాలు లేవా హార్మోన్లు లేవా అని గొడవకొస్తారు. నాకైతే ఇద్దరిదీ ఒకటే పొరపాటనిపిస్తుంది, మనుషులు చేసింది నిజం కాదని ఇద్దరూ ముందే అనేసుకున్నారు.

1949లో ఫ్రెంచి రచయిత్రి సిమోన్ ద బోవా ‘ది సెకండ్ సెక్స్’ పుస్తకంలో ఆడదిగా ఎవరూ పుట్టరు, తయారవుతారు అన్నప్పుడు శరీరాన్ని కాదనలేదు. అదే పుస్తకంలో జీవశాస్త్రానికి ఒక చాప్టరే ఇచ్చింది. ఆమె అడిగిందల్లా ఈ శరీరం ఉన్నంత మాత్రాన ఈ బతుకే ఎందుకు రావాలి అని. గర్భసంచి ఉండడానికీ ఆస్తి రాకపోవడానికీ ఏంటి సంబంధం, ప్రకృతేమీ పెట్టలేదు కదా ఆ రూలు.

సెక్సువాలిటీ, అంటే ఎవరి మీద కోరిక అన్నదాని దగ్గరికొచ్చేసరికి ఫ్రెంచి తత్వవేత్త ఫూకో ఇంకో ముడి వేశాడు. మగవాళ్ళ మధ్య సెక్స్‌ని చర్చీ, చట్టమూ ఒక తప్పు పనిగా చూసేవి, 19వ శతాబ్దంలో డాక్టర్లొచ్చి ఆ పని చేసినవాణ్ణే ఒక ప్రత్యేక జాతి మనిషిని చేసేశారు, వాడి చిన్నతనం, స్వభావం, ఒంటి తీరు అన్నీ కేస్ షీట్లోకి ఎక్కాయి అని 1976లో రాశాడు. అంతకుముందు నిజంగానే అలాంటి గుర్తింపు లేదా అన్నదాని మీద చరిత్రకారులు కొట్టుకుంటూనే ఉన్నారు, అది వేరే సంగతి. ఆ తర్వాత జరిగిందే నాకు ఆసక్తి. రోగమని అంటించిన ఆ ముద్రనే పట్టుకుని వాళ్ళు సంఘాలు పెట్టుకున్నారు, హక్కులడిగారు, చివరికి 1973లో అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ స్వలింగ సంపర్కాన్ని మానసిక రోగాల లిస్టులోంచి తీసేసింది. తత్వవేత్త ఇయాన్ హ్యాకింగ్ దీన్నే లూప్ అన్నాడు: మనుషుల్ని వర్గాలుగా విడదీస్తే వాళ్ళు ఊరుకోరు, దాన్ని చూసి మారతారు, వాళ్ళు మారాక ఆ వర్గాన్నీ మార్చాల్సొస్తుంది. రాళ్ళతో ఈ బాధ లేదు.

1990లో అమెరికన్ తత్వవేత్త జుడిత్ బట్లర్ ఇంకాస్త ముందుకెళ్ళి, జెండర్ లోపలున్నదేదో బయటికి రావడం కాదు, పదేపదే చేస్తుండడం వల్లే లోపలున్నట్టు అనిపిస్తుంది అంటే, చాలామంది పొద్దున్నే చొక్కా ఎంచుకున్నట్టేమో అనుకున్నారు. అలా కాదు, ఎంచుకునే మనిషి కంటే ముందే ఆ రూల్సున్నాయి అని 1993లో మళ్ళీ వివరించాల్సొచ్చింది. అంత కష్టంగా రాస్తే అపార్థాలు రాక ఏమవుతాయి!

ఇక జెండర్ సమాజం తయారుచేసిందన్న మాటకి వ్యతిరేకులు తెచ్చే పెద్ద సాక్ష్యం జాన్ మనీ కేసు. 1960ల్లో సున్తీ చేస్తుండగా అంగం కాలిపోయిన ఒక పసిబాబుని ఆడపిల్లగా పెంచమని ఈ సైకాలజిస్టు సలహా ఇచ్చాడు, సర్జరీ చేయించారు, తర్వాత హార్మోన్లిచ్చారు, సక్సెస్ అయిందని ఆయన ఏళ్ళ తరబడి చెప్పుకున్నాడు. టీనేజిలో ఆ పిల్లవాడు ఇదంతా వద్దని మగవాడిగా బతకడం మొదలుపెట్టాడు, 1997లో అసలు సంగతి జర్నల్లో వచ్చింది. చూశారా, థియరీ కుప్పకూలింది అంటారు. కూలిందల్లా పెంపకంతో ఏ ఐడెంటిటీనైనా పిల్లల మీద రాసేయొచ్చన్న నమ్మకం. ఆడపిల్లంటే ఎలా ఉండాలో ఎవరు తేల్చారన్న ప్రశ్న ఎక్కడికీ పోలేదు. పైగా అంగం లేకపోతే మగవాడిగా బతకలేడని డాక్టర్లు ఏ జీవశాస్త్రం చూసి తేల్చుకున్నారు? ఆ నమ్మకం కోసమే కదా పసివాడి మీద కత్తి పెట్టింది. నన్నడిగితే సమాజం జెండర్‌ని తయారుచేస్తుందనడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు.

వీళ్ళందరిలో సూటిగా మాట్లాడింది అమెరికన్ తత్వవేత్త శాలీ హాస్లాంగర్ అని నా అభిప్రాయం. పిల్లల్ని కనే శరీరం అనుకున్నవాళ్ళని కిందిమెట్టు మీద కూర్చోబెట్టే ఏర్పాటే ఆడతనం అంది 2000లో. మరి పుట్టినప్పుడు మగ అనిపించుకుని, తామాడవాళ్ళమనే ట్రాన్స్ మహిళల్లో సమాజం ఆడవాళ్ళుగా గుర్తించనివాళ్ళ సంగతేంటని 2016లో ఇంకో తత్వవేత్త కేథరిన్ జెంకిన్స్ అడిగింది, న్యాయమైన ప్రశ్నే, ఆ నిర్వచనం ఒక్కటే సరిపోదు.

మనుషులు చేసింది కూడా నిజమే కాబట్టి, స్వలింగ సంపర్కులూ ట్రాన్స్ మనుషులూ పుట్టుకతోనే ఇలా ఉన్నాం కాబట్టి హక్కులివ్వండి అనే వాదన నాకు మింగుడుపడదు. పుట్టుకతో రాకపోయుంటే శిక్షించొచ్చనా? మతం ఎవరికీ జీన్స్‌లో రాదు, మార్చుకోవచ్చు కూడా, అయినా మత స్వేచ్ఛ అడిగేవాళ్ళని ముందు డీఎన్ఏ రిపోర్టు తెమ్మని ఏ కోర్టూ అనదు.